చదరంగానికి తాళం లేని సంగీతం

చెస్ ఆడేటప్పుడు వెనకాల ఏ సంగీతం పెట్టుకోవాలని అడిగితే వచ్చే జవాబులు అందరికీ తెలిసినవే. ఒకరు మొజార్ట్ అంటారు. కుర్రవాళ్లు లో-ఫై బీట్స్ అంటారు. ఇంకొందరు "మాటలు లేకుంటే చాలు, ఇన్‌స్ట్రుమెంటల్ ఏదైనా పెట్టుకో" అంటారు. తిరుపతిలో పెరిగి, ఇక్కడే చెస్ నేర్చుకుని, ఇప్పటికీ రాత్రిళ్లు ఆన్‌లైన్‌లో ర్యాపిడ్ గేములు, అంటే పది పదిహేను నిమిషాల ఆటలు, ఆడే మనిషిగా ఈ మూడింటితోనూ నాకు పేచీ ఉంది. బల్ల ముందు కూర్చున్న మనిషి ఆలోచనను చెడగొట్టేది మాట ఒక్కటే కాదు. తాళం అంతకన్నా ఎక్కువ చెడగొడుతుంది. ఆ సంగతి ఎవరూ చెప్పరు.

నేను చెప్పేది ఒక్కటే. ఆటలో సంగీతం కావాలంటే కర్ణాటక సంగీతంలోని రాగాలాపన పెట్టుకోండి. కృతి, అంటే తాళంతో సాగే పాట, మొదలయ్యేలోపు ఆపేయండి.

ఆలాపనలో సాహిత్యం ఉండదు, తాళం ఉండదు. మృదంగం వాయించేవారు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటారు. గాయకుడో వైణికుడో రాగాన్ని మెల్లగా విప్పుకుంటూ పోతారు. ఎక్కడ ఆగాలి, ఎంతసేపు ఆగాలి అన్నది పూర్తిగా వాళ్ల ఇష్టం. ఒక స్వరం మీద నిలబడాలనిపిస్తే నిలబడతారు. ఆవర్తనం, అంటే తాళం ఒక చుట్టు, పూర్తయిందని ఎవరూ తరమరు. చదరంగంలో మంచి ఆలోచన నడిచేది కూడా ఇలాగే.

మా ఊళ్లో చప్పుడు మన చేతుల్లో ఉండదన్న సంగతి ముందు చెప్పాలి. తెల్లవారకముందే ఏదో ఒక గుడి మైకులో సుప్రభాతం మొదలవుతుంది. అలిపిరి వైపు ఉన్నవాళ్లకు రోజంతా గోవిందనామాలు. గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల ఉంటే వాహనసేవ రోజుల్లో నాదస్వరం, డోలు. మే నెలలో గంగమ్మ జాతర వస్తే వారం పాటు డప్పులు. స్టేషన్ దగ్గరి ఇళ్లవాళ్లకు ఒకే రైలు గురించి ఒక భాష తర్వాత ఇంకో భాషలో అనౌన్స్‌మెంట్లు. కల్యాణ మండపం పక్కన ఇల్లుంటే ఆ సంగతి చెప్పక్కర్లేదు. ఇంత చప్పుడులో ఆడేవాడు ఇయర్‌ఫోన్స్ పెట్టుకునేది చాలాసార్లు సంగీతం మీద ప్రేమతో కాదు, బయటి చప్పుడును కప్పేయడానికి. ఆ అవసరం నిజమైనదే. "నిశ్శబ్దంలో ఆడు, అన్నిటికన్నా అదే మంచిది" అని చెప్పేవాళ్లు ఒకసారి బ్రహ్మోత్సవాల్లో మా ఊరికి వచ్చి ఆడి చూడాలి. నిశ్శబ్దం దొరికితే నేనూ దానికే ఓటు వేస్తాను. దొరకనప్పుడు ఏం చేయాలన్నదే ఇక్కడి ప్రశ్న.

ఇప్పుడు "ఇన్‌స్ట్రుమెంటల్ అయితే చాలు" అన్న మాట చూద్దాం. వీణ మీద ఒక అన్నమయ్య కీర్తన వాయిస్తున్నారనుకోండి. పాడేవాళ్లు ఎవరూ లేరు. అయినా మా ఊరి మనిషికి పల్లవి రెండోసారి వచ్చేసరికే మాటలు మనసులో మోగుతాయి. 15వ శతాబ్దంలో తాళ్లపాక నుంచి వచ్చి కొండ మీద పాడుకున్న ఆయన పాటలు, రాగిరేకుల మీద చెక్కించి దాచిన పాటలు, ఈ రోజు మాకు బస్సులో, ఆటోలో, మైకులో, బడి ప్రార్థనలో, పెళ్లిలో వినిపిస్తాయి. ఎవరూ కూర్చోబెట్టి నేర్పకుండానే వచ్చేస్తాయి. అలాంటి చెవికి వేణువు మీద వాయించిన కీర్తన మాటలు లేని సంగీతం ఎలా అవుతుంది? ఒక చరణంలో మాట మరిచిపోతే ఇంకా కష్టం. ఆ మాట గుర్తొచ్చేదాకా మనసు దాన్నే వెతుకుతుంది. అక్కడ బల్ల మీద మీ గుర్రం ప్రమాదంలో ఉంటుంది.

సినిమా పాటలదీ ఇదే బాధ. ఉమ్మడి చిత్తూరు జిల్లావాళ్లకు రెండింతలు. ఇళయరాజా బాణీలు మాకు తెలుగులోనూ తెలుసు, తమిళంలోనూ తెలుసు. కీబోర్డు మీద ఆ బాణీ వాయిస్తే ఒక లైను తెలుగులో, తర్వాతి లైను తమిళంలో మనసులో పాడుకునే స్నేహితులు నాకు ఉన్నారు. చిత్తూరులో, నగరిలో, సత్యవేడులో పెరిగినవాళ్లకు ఇది మామూలు విషయం. కాబట్టి సలహా ఇచ్చేటప్పుడు "మాటలు లేనిది" అంటే సరిపోదు. ఆ మనిషి చెవికి మాటలు లేనిదా కాదా అన్నది చూడాలి. బీథోవెన్ సింఫనీ నాకు మాటలు లేనిదే. వీణ మీద అన్నమయ్య కాదు.

మాటలు నిజంగానే అడ్డమా అని కొందరు అడుగుతారు. ఇందులో పరిశోధనలు చెప్పేది అనుకున్నంత తేలిగ్గా లేదు. 1989లో సలామే, బాడ్లీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు అంకెల వరసలు గుర్తుపెట్టుకునే పని ఇచ్చి, వెనకాల సంగీతం వినిపించారు. వాద్యసంగీతం కన్నా పాట ఎక్కువ అడ్డుపడింది. కానీ అది అంకెల పని, చదరంగం కాదు. చదరంగం మీదే 1996లో రాబిన్స్ బృందం చేసిన ప్రయోగాలున్నాయి. ఆటగాళ్లు పొజిషన్ చూస్తూ గుర్తుపెట్టుకోవాలి, మంచి ఎత్తు వెతకాలి, అదే సమయంలో ఇంకో పని చేయాలి. ఒకే చిన్న మాటను పదేపదే పలుకుతూ ఉండమంటే ఆటకు పెద్దగా నష్టం రాలేదు. కీప్యాడ్ మీద వరస ప్రకారం వేళ్లతో నొక్కుతూ ఉండమంటే ఆట దెబ్బతింది. అక్షరాలను ఒక క్రమం లేకుండా, అప్పటికప్పుడు ఆలోచించి చెప్పమంటే కూడా దెబ్బతింది.

దీన్ని చూపించి "చూశావా, మాటలతో చెస్‌కు ఇబ్బంది లేదు" అని వాదించేవాళ్లు ఉన్నారు. నేను ఒప్పుకోను. అర్థం లేకుండా ఒకే మాటను తిప్పితిప్పి పలకడం వేరు, పాట వినడం వేరు. పాట మనల్ని పిలుస్తుంది. తర్వాత ఏం వస్తుందో ఎదురుచూసేలా చేస్తుంది, గుర్తులు తెస్తుంది. అంటే నాలుకను కాదు, ధ్యాసను తీసుకెళ్తుంది. ఆ ప్రయోగంలోనే ధ్యాసను లాగే పని ఆటను చెడగొట్టిందని తేలింది కదా. నాకు ఇంకా ముఖ్యంగా తోచింది వేళ్ల సంగతి. చేతిని ఒక వరసలో కదిలిస్తూ ఉంటే పావుల కదలికలు మనసులో చూసుకోవడం కష్టమైంది. ఇక్కడే నాకు తాళం గుర్తొస్తుంది. బీట్ ఉన్న పాట వింటూ కాలు ఆడించకుండా, వేళ్లు తట్టకుండా కూర్చునేవాళ్లు ఎంతమంది?

మన దగ్గర పని చేస్తూ పాడుకునే పాటలకు కొదవ లేదు. నాట్ల పాటలు, రోకటి పాటలు, తిరగలి పాటలు, బరువులు లాగేటప్పుడు పాడే పాటలు. వాటన్నిటికీ గట్టి లయ ఉంటుంది. ఎందుకంటే ఆ పనుల్లో చెయ్యి ఆగకూడదు. పదిమంది చేతులు ఒకేసారి కదలాలి. రోకలి పడే చోట పాటలో దెబ్బ పడుతుంది. అలసటను మరిపించి చేతిని ముందుకు నడిపించడమే ఆ లయ పని. చదరంగంలో కావాల్సింది దీనికి పూర్తిగా విరుద్ధం. చెయ్యి ఆగాలి. చెస్ నేర్పేవాళ్లు చిన్నపిల్లలకు మొదట చెప్పేదే "చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చో, ఆలోచించాక తియ్యి" అని. అలాంటి ఆటకు, చేతిని తరిమే సంగీతం ఎందుకు పెట్టుకోవాలి?

వేగమైన పాట మనిషిని తొందరపెడుతుందనడానికి డ్రైవింగ్ మీద చేసిన ప్రయోగం ఒకటుంది. 2001లో ఇజ్రాయెల్‌కు చెందిన బ్రాడ్‌స్కీ అనే పరిశోధకుడు కంప్యూటర్ మీద కారు నడిపించి చూశాడు. సంగీతం వేగం పెరిగేకొద్దీ కారు వేగం పెరిగింది, సిగ్నళ్ల దగ్గర తప్పులూ పెరిగాయి. చదరంగానికి అదే వర్తిస్తుందని ఆ ప్రయోగం చెప్పదు, నేను నా కళ్లతో చూసింది చెప్తాను. ఆదివారాలు మా మేడ మీద పిల్లలు బ్లిట్జ్, అంటే కొద్ది నిమిషాల్లో ముగిసే ఆట, ఆడుకుంటారు. ఎవరో ఒకరు ఫోన్‌లో హుషారు పాట పెడతారు. కాసేపటికి క్లాక్ మీద దెబ్బలు పాట దెబ్బలతో కలిసిపోతాయి. చేతిలో రెండు నిమిషాలు మిగిలి ఉన్నా, ఇంకొంచెం చూద్దామన్న ఆలోచన ఎవరికీ రాదు. చదరంగంలో ఆటగాడి పక్కన ఇప్పటికే ఒక గడియారం ఉంది. తాళం ఉన్న పాట పెట్టుకుంటే రెండో గడియారాన్ని తలలోకి తెచ్చుకున్నట్టే. లో-ఫై విషయంలో నా అభ్యంతరం కూడా ఇదే. మెల్లగా ఉంటుంది, మెత్తగా ఉంటుంది, నిజమే. కానీ అదే డ్రమ్ముల వరస గంటసేపు తిరుగుతూ ఉంటుంది, మన ఆలోచనను కూడా అదే పొడవు ముక్కలుగా కోసేస్తుంది.

ఒక్క బుల్లెట్‌ను మాత్రం ఈ వాదన నుంచి వదిలేస్తున్నాను. ఒక నిమిషం ఆటలో ఆలోచన కన్నా చేతి అలవాటే ఎక్కువ. దానికి ఏ పాట పెట్టుకున్నా నాకు గొడవ లేదు.

మొజార్ట్ సంగతి త్వరగా చెప్పేస్తాను. దాని పేరు ఇంత మోగడానికి కారణం 1993లో నేచర్ పత్రికలో వచ్చిన చిన్న వ్యాసం. రాషర్ బృందం కాలేజీ విద్యార్థులకు రెండు పియానోల కోసం మొజార్ట్ రాసిన సొనాటాను పది నిమిషాలు వినిపించి, ఆ తర్వాత కాగితం మడతల్లాంటి ఆకారాలను ఊహించుకునే పరీక్ష పెట్టింది. ఫలితం కొంచెం మెరుగ్గా వచ్చింది, పది పదిహేను నిమిషాల్లో ఆ తేడా పోయింది. విన్నది పరీక్షకు ముందు, పరీక్ష రాస్తూ కాదు. ఈ చిన్న విషయాన్ని లోకం మరిచిపోయింది. 2001లో థాంప్సన్, షెల్లెన్‌బర్గ్, హుసేన్ కలిసి చేసిన పరిశోధన, ఆ మెరుగుదలకు కారణం మనసు హుషారుగా ఉండటమేనని చూపించింది. మొజార్టే కానక్కర్లేదన్నమాట. ఇందులోంచి మనకు పనికొచ్చే సలహా ఒకటి తీసుకోవచ్చు. గేము మొదలుపెట్టే ముందు మీకు ఉత్సాహం తెచ్చే పాట ఏదైనా వినండి. బీట్ ఉండనీ, మాటలు ఉండనీ. క్లాక్ నొక్కే ముందు ఆపేయండి.

సంగీతం, చదరంగం అన్నదమ్ములని చెప్పడానికి జనం కొన్ని పేర్లు తెస్తుంటారు. 1749లో చదరంగం మీద ప్రసిద్ధ గ్రంథం రాసిన ఫిలిడోర్ ఒపేరాలు కట్టిన సంగీతకారుడు. 1957లో ప్రపంచ చాంపియన్ అయిన స్మిస్లోవ్ బారిటోన్ గాయకుడు, మాస్కోలోని బొల్షోయ్ థియేటర్ ఆడిషన్ దాకా వెళ్లాడు. సోవియట్ గ్రాండ్‌మాస్టర్ తైమనోవ్ కచేరీలిచ్చే పియానో విద్వాంసుడు. 1971లో వాంకూవర్‌లో అమెరికా ఆటగాడు ఫిషర్ చేతిలో 6-0తో ఓడిపోయాక, నాకు ఇంకా సంగీతం ఉంది కదా అన్నాడని చెప్తారు. ఈ పేర్లు నాకూ ఇష్టమే. కానీ వీళ్లెవరూ ఒకదాన్ని ఇంకొకదాని వెనకాల పెట్టుకున్నట్టు నాకు తెలియదు. పియానో ముందు కూర్చుంటే పియానో, బల్ల ముందు కూర్చుంటే బల్ల. వాళ్ల జీవితాలు నా వాదనకే బలమిస్తాయి.

మా చిన్నాయన అభ్యంతరం వేరు, అది నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. ఆయన రేడియోలో కచేరీ వస్తే ఇంట్లో ఎవర్నీ మాట్లాడనివ్వరు. నేను ల్యాప్‌టాప్‌లో ఆడుతూ పక్కన కల్యాణి ఆలాపన పెట్టుకుంటే వచ్చి నిలబడి, "పాట వింటా ఉండావా, ఆట ఆడతా ఉండావా? ఏదో ఒకటి చెయ్ రా" అన్నారు. ఆయన దృష్టిలో అంత గొప్ప విద్వాంసుడు ప్రాణం పెట్టి వాయించింది, ఎవరో బంట్లు జరుపుకుంటూ సగం చెవితో వినడం మర్యాద కాదు.

"గుళ్లో నాదస్వరం వాయిస్తా ఉంటే అందరూ కూర్చుని వింటారా చిన్నాయనా? ఒకరు పూలు కడతారు, ఒకరు పల్లకి మోస్తారు" అన్నాను.

"అది స్వామికి వాయించేది. నీకు కాదు" అన్నారు ఆయన.

ఆ మాటకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. కానీ సంగీతం పక్కన మోగుతుండగా తమ పని తాము శ్రద్ధగా చేసుకునే పద్ధతి మన గుళ్లలో ఎప్పటి నుంచో ఉంది. పల్లకి మోసేవాడు రాగాన్ని అవమానించడం లేదు. ఒక్క విషయంలో మాత్రం ఆయన మాట పూర్తిగా ఒప్పుకున్నాను. కీర్తనను, అందులోనూ భక్తితో పాడినదాన్ని, ఆటకు నేపథ్యంగా పెట్టను. దాన్ని వినాలంటే బల్ల మూసేసి వింటాను.

ఇంకా, లయ ప్రధానమైన కచేరీలు ఆటకు అసలు పనికిరావు. మన చిత్తూరు పేరు మోసిన విద్వాంసుడు చిత్తూరు సుబ్రహ్మణ్య పిళ్లె. ఆయన గురువు కాంచీపురం నైనా పిళ్లె లయ పాండిత్యానికి పేరు పొందినవారు. అలాంటి సంప్రదాయంలో స్వరకల్పన, అంటే తాళంలో అప్పటికప్పుడు అల్లే స్వరాలు, వింటుంటే లెక్క మనసులో దానంతటదే నడుస్తుంది. ఎక్కడ ఎత్తుకున్నారు, ఎక్కడికి వచ్చి పడతారు అని. అక్కడ ఆ లెక్క, ఇక్కడ మూడు ఎత్తుల తర్వాత ఏనుగు ఏమవుతుందన్న లెక్క. ఒకే తలలో రెండు లెక్కలు నిలవవు. తాళవాద్యాలు మాత్రమే మోగే తని ఆవర్తనం గురించి వేరే చెప్పాలా?

సరే, ఏ ఆలాపన? ఇక్కడ నా ఇష్టాయిష్టాలు చెప్తాను, మీవి వేరుగా ఉండొచ్చు. శంకరాభరణం, కల్యాణి, మోహనం నాకు బాగా కుదిరాయి. విశాలంగా ఉంటాయి, మనసును ఒక మూలకు లాగవు. తోడి గొప్ప రాగం, కానీ దాని గమకాలు, అంటే స్వరాల ఊపులు, ప్రతి క్షణం నన్ను వినమని అడుగుతాయి, అందుకే ఆట దగ్గరికి తేను. నీలాంబరి జోలపాటల రాగమని పేరు. రాత్రి పదకొండు తర్వాత ఎండ్‌గేమ్, అంటే ఆట చివరి దశ, ఆడుతూ అది పెట్టుకోవడం మంచిది కాదు. కదనకుతూహలం దూకుడుగా ఉంటుంది, దాని ఊపుతో బంట్లను ముందుకు నెట్టేయాలనిపిస్తుంది.

తానం కూడా ఒకటుంది. ఆలాపన తర్వాత, పల్లవికి ముందు వచ్చేది. తాళం ఉండదు గాని ఒక నడక ఉంటుంది. వీణ మీద తానం పది పదిహేను నిమిషాల ర్యాపిడ్ ఆటకు నాకు చాలా నచ్చుతుంది. నిద్రమత్తు రానివ్వదు, ఆవర్తనంలో బంధించదు. గంటకు పైగా సాగే ఆటకు మాత్రం వద్దు, అలిసిపోతాం. హిందుస్తానీ వినేవాళ్లకు ధ్రుపద్ ఆలాప్ ఉంది, ఒక్కోసారి గంటసేపు సాగుతుంది. అయితే ఆలాప్ నుంచి జోడ్‌కు, అక్కడి నుంచి ఝాలాకు పోయేసరికి వేగం బాగా పెరుగుతుంది. ఝాలా మొదలవకముందే ఆపేయండి.

నిజంగా పొడవైన ఆటకు, ఒక్కో ఎత్తుకు ఇరవై నిమిషాలు ఆలోచించే ఆటకు, ఆలాపన కూడా ఎక్కువే అంటాను. తంబూర శ్రుతి ఒక్కటి చాలు. ఫోన్‌లో తంబూర యాప్‌లు ఉన్నాయి. శబ్దం ఒకే తీరుగా ఉంటే మనసు దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది, మారుతూ ఉండే శబ్దమే జ్ఞాపకాన్ని చెదరగొడుతుందని మనస్తత్వ పరిశోధకులు చాలాకాలంగా చెప్తున్నారు. శ్రుతి బయటి మైకును కప్పుతుంది, లోపలి ఆలోచనను ముట్టుకోదు.

ఆచరణలో రెండు జాగ్రత్తలు. ఆన్‌లైన్‌లో ఆడేటప్పుడు ప్రత్యర్థి ఎత్తు వేసిన చప్పుడు, టైమ్ తగ్గిందన్న హెచ్చరిక స్పష్టంగా వినపడాలి. సంగీతం వాటికన్నా తక్కువలో ఉండాలి. రెండోది, యూట్యూబ్‌ను నమ్ముకోవద్దు. మంచి పొజిషన్‌లో ఉండగా బంగారు నగల యాడ్ వస్తుంది, లేదా ఆలాపన అయిపోయి కృతి మొదలవుతుంది. ఆలాపనను విడి ట్రాక్‌గా ఇచ్చే కచేరీ రికార్డింగులు ఉన్నాయి. వాటిని ముందే దించుకుని, ఆ ఒక్క ట్రాకే తిరిగేలా పెట్టుకోవాలి. విన్నదే మళ్లీ వినడం మంచిది కూడా. కొత్త ఆలాపన కుతూహలం రేపుతుంది.

టోర్నమెంట్లు ఆడేవాళ్లకు ఇంకో మాట. అంతర్జాతీయ చదరంగ సమాఖ్య ఫిడే నియమాల ప్రకారం ఆర్బిటర్ అనుమతి లేకుండా ఆడే చోటికి ఫోన్ తేకూడదు, ఇయర్‌ఫోన్స్ ప్రశ్నే లేదు. ప్రత్యర్థిని ఏ విధంగానూ ఇబ్బంది పెట్టకూడదని 11.5 నియమం చెప్తుంది. మన సత్యవేడు వైపు మూలాలున్న గుకేశ్, డింగ్ లిరెన్ 2024లో సింగపూర్‌లో ప్రపంచ చాంపియన్‌షిప్ ఆడింది బయటి శబ్దం చొరబడని గాజు గదిలో. 1972లో ఐస్‌లాండ్‌లోని రెయ్‌క్యావిక్‌లో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్‌లో కెమెరాల చప్పుడు భరించలేనని ఫిషర్ పట్టుబడితే మూడో గేమును వెనక గదిలోకి మార్చారు. ఆ గేము అతనే గెలిచాడు. మన టోర్నమెంట్లు అలాంటి గదుల్లో జరగవు. స్కూలు హాల్లో ఫ్యాన్లు, కుర్చీల ఈడ్పులు, దగ్గులు, బయట తల్లిదండ్రుల మాటలు. సోవియట్ ప్రపంచ చాంపియన్ బోట్విన్నిక్ దీనికి తనదైన మార్గం వెతుక్కున్నాడు. రేడియో మోగిస్తూ, ఎదుటివాడి చేత సిగరెట్ పొగ ముఖం మీదికి ఊదించుకుంటూ ప్రాక్టీస్ గేములు ఆడాడని చెప్తారు. పొగ వద్దు గాని, రేడియో ఆలోచన సరైనదే. టోర్నమెంట్‌కు రెండు వారాల ముందు నుంచి ఆలాపన కూడా మానేసి, ఇంట్లో ఉన్న చప్పుడులోనే, వంటగది కుక్కర్ విజిళ్ల మధ్యే ఆడటం అలవాటు చేసుకోవాలి.

పిల్లల విషయంలో నాది ఇంకా కఠినమైన అభిప్రాయం. ఎత్తుల లెక్క మనసులో ఇంకా నిలవని వయసులో ఏ సంగీతమూ వద్దు, తంబూర కూడా వద్దు. వాళ్లు తమ ఆలోచన గొంతును ముందు వినాలి. "నేను ఇట్లా వేస్తే అతను ఇట్లా వేస్తాడు" అని లోపల చెప్పుకోవడం అలవాటయ్యాక, పద్నాలుగు పదిహేనేళ్లు వచ్చాక, ఆలాపన సంగతి చూడొచ్చు. అప్పుడు వాద్యం విషయంలో నా వరస ఇది: మొదట వీణ, తర్వాత వేణువు, ఆ తర్వాత వయొలిన్. నాదస్వరం మాత్రం ఎంత తగ్గించి పెట్టినా లేచి వెళ్లి చూడాలనిపిస్తుంది, కాబట్టి అది ఆటయ్యాకే.